ఒక మాటు



ప్రతి సంవత్సరము ఈ సంచికకు నేనొక కవిని గూర్చియో, ఒక పద్యమును గూర్చియో వ్రాయుట వాడుక. ఈ మాటు ఒక పాత మోటారు కారును గూర్చి వ్రాయుచున్నాను. తెలుగు చెప్పువానికి కారు మరమ్మతుతో నేమి పని యని నవ్వకుడు. ఆ పని నాకొక పాఠము నేర్పినది. నేర్పినవాడు మీలో నొకడు.

నేను తిరుపతిలో భాషోపాధ్యాయ శిక్షణ పొంది ఈ బెంగళూరు నగరమునకు వచ్చి పదునెనిమిది సంవత్సరములైనది. మేము బాడుగకున్న యింటి యజమాని కర్మాగారమున ఇంజనీరుగా పనిచేసి విరమించిన వృద్ధులు. వారి పూర్వులు ఏ తరముననో తెలుగునాటినుండి వచ్చి యిచ్చట స్థిరపడిరి. ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము మాటలాడుదురు. నన్ను "మేష్ట్రే" యని పిలుతురు. వారి పెరటి కొట్టములో ముదురాకుపచ్చని ఎం.జి.బి. కారు కలదు. దానికి రెండే ఆసనములు. మడిచి వెనుకకు త్రోయదగిన గుడ్డకప్పు. ఆక్స్‌ఫర్డు నగరమునందలి మోరిస్ గ్యారేజెస్ అను సంస్థ పేరులోని మొదటి అక్షరములే ఎం.జి. అయినవి. ఎం.జి.బి. కార్లను ఆంగ్లదేశమున అబింగ్డన్ అను ఊరిలో 1962 మొదలు 1980 వఱకు ఐదు లక్షలకు పైగా చేసిరి. నేడు మన వీథులలో తిరుగు ఎం.జి. గుర్తు గల క్రొత్త బండ్లు గుజరాతులోని హాలోల్‌లో తయారగుచున్నవి. గుర్తు అదియే గాని యజమానులు వేఱు. మా పెద్దాయన తమ కారును, స్వదేశమునకు మరలిపోవుచున్న యొక విదేశీయునియొద్ద, వివాహమునకు కొంచెము ముందు కొనిరట.

గత జూలైలో ఒకనాడు, వాన కురియుచుండగా, వారు భార్యతో దేవాలయమునకు పోయి వచ్చిరి. ఆమె దిగినప్పుడు చూడగా పాదముల క్రింది పట్టా తడిసి యుండెను. వాననీరని అందఱము అనుకొంటిమి. కాని ఆ తడి జిగటగా నుండెను. తియ్యని వాసన కొట్టెను. ముందరి అద్దమునకు లోపలివైపున జిడ్డుపొర పట్టి యుండెను. పెద్దాయన వ్రేలితో తాకి చూచి, "వాన కాదు మేష్ట్రే, హీటరు లీకవుతా ఉంది" అనిరి.

హీటరన నేమో నాకప్పటికి తెలియదు. వారు చెప్పగా తెలిసికొంటిని. ఇంజనులో పెట్రోలు మండగా పుట్టిన శక్తిలో నాలుగవ వంతు మాత్రమే ఇంచుమించుగా చక్రములకు చేరును. సుమారు మూడవ వంతు వేడియై, ఇంజను చుట్టును తిరుగు నీటిలో కలియును. తక్కినదానిలో నెక్కువ పాలు పొగగొట్టము వెంట పోవును. నీటిలోని వేడిని గాలికి విడిచిపెట్టుటకే బండి ముందుభాగమున రేడియేటరున్నది. చలిదేశములవారు, ఆ వేడి అంతయు వ్యర్థముగా పోనేల యని, పుస్తకమంత ప్రమాణము గల మఱియొక చిన్న రేడియేటరును అద్దము క్రింద, ఇంజనుకు వెనుక, ఒక రేకుపెట్టెలో నమర్చిరి. దీనినే హీటర్ కోర్ అందురు. సన్నని ఇత్తడి గొట్టములు, వాని నడుమ పలుచని రాగి రెక్కలు. గొట్టములలో వేడినీరు పారును. ఒక చిన్న పంకా గాలిని రెక్కల సందున త్రోయును. ఆ వెచ్చని గాలి కూర్చున్నవారి పాదములకును ముందరి అద్దమునకును చేరును. విచిత్రమేమనగా, ఎం.జి.బి. వచ్చిన తొలి సంవత్సరములలో ఆంగ్లదేశమునందే హీటరు కారుతో పాటు రాలేదు. కావలసినవారు వేఱుగా రొక్కమిచ్చి పెట్టించుకొనవలసి యుండెను.

వీథి చివరి మెకానిక్కు వచ్చి చూచి నవ్వెను. "ఈ ఊర్లో హీటరెందుకు సార్? వచ్చే గొట్టము, పోయే గొట్టము రెండూ కలిపి బిగించేస్తే తీరిపోతుంది. పది నిమిషాల పని" అనెను. అతని మాట నాకు సబబుగనే తోచినది. మన నగరమున చలి ఎంతటిది? ఇచ్చట నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదియు 1884 జనవరి 13వ తేదీ నాటి మాట. అక్కఱలేని వస్తువును తీసివైచినచో నష్టమేమి?

పెద్దాయన ఒప్పుకొనలేదు. డిసెంబరులో వారి వివాహమునకు ఏబది సంవత్సరములు నిండనున్నవి. పెండ్లి యైన క్రొత్తలో తెల్లవాఱుజామున ఈ కారులోనే దంపతులు నందికొండకు పోయిరట. ఆ దినమున మరల పోవలెనని వారి కోరిక. ఇప్పుడామెకు కీళ్లనొప్పులు, పాదములకు చలి తగిలినచో రెండు దినములు లేవలేరు. ఇది మొదటి కారణము. రెండవది యంత్రమునకు సంబంధించినది. సముద్రమట్టముకంటె మన నగరము సుమారు 920 మీటర్ల యెత్తున నున్నది. ఎత్తు పెరిగినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. ఇచ్చట తెఱచిన పాత్రలో ఇంచుమించు 97 డిగ్రీలకు, 1,478 మీటర్ల యెత్తు గల నందికొండపై 95 డిగ్రీలకు. రేడియేటరు మూతలోని స్ప్రింగు ఒత్తిడిచే కారులోని నీరు అంత త్వరగా మరుగకున్నను, పాత ఇంజను కొండదారిలో వేడెక్కక మానదు. అట్టి వేళ హీటరును పూర్తిగా తెఱచినచో అదియును ఒక రెండవ రేడియేటరై కొంత వేడిని లాగివేయును. "అక్కఱ లేదనుకున్నదే ఒక్కోసారి అక్కఱకు వస్తుంది మేష్ట్రే" అనిరి. వారి చేతులు వణకును. అందువలన, "కండ్లు నావి, చేతులు మీవి" యని నన్ను పనికి పిలిచిరి.

పని ఒక ఆదివారమున మొదలు పెట్టితిమి. ఇంజను చల్లగా నుండగనే రేడియేటరు అడుగున నున్న కుళాయి విప్పి నీటిని ఒక బేసినులోనికి పట్టితిని. ఆ నీటిలో ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవము కలిసి యుండును. అది తియ్యనిది, విషము. తియ్యదనమునకు ఆశించి కుక్కలు, పిల్లలు త్రాగినచో మూత్రపిండములు చెడి ప్రాణము పోవచ్చును. కావున దానిని నేలపై గాని మోరిలో గాని పోయక మూతపెట్టి దాచితిమి. మీ యిండ్లలో కార్లున్నచో ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

పిదప ఆసనముల వెనుక నున్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల తీగలు విప్పితిని. పంకా తీగలను, హీటరు కవాటమునకు పోవు కేబులును ఊడదీసితిని. తక్కినవి రెండు రబ్బరు గొట్టములు. అవి యెన్నియో యేండ్లుగా ఇత్తడి మూతులకు అంటుకొని యుండెను. పెద్దాయన మందు వేసికొనుటకు లోనికి పోవుచు, "నేను వచ్చేదాక వాటి జోలికి పోవద్దు" అని చెప్పిరి. నాకు తొందర. పట్టుకారుతో పట్టి, అటునిటు మెలిపెట్టి లాగితిని. ఒకటి వచ్చినది. రెండవది రాలేదు. మఱింత బలముగా మెలిపెట్టగా, గొట్టముతో కూడ ఇత్తడి మూతియును కదలి, మొదట చీలిపోయెను.

పెద్దాయన వచ్చి చూచి ఏమియు ననలేదు. చిన్న చాకు తెచ్చి, రబ్బరు గొట్టమును నిలువుగా చీల్చి, తొక్క యొలిచినట్లు ఒలిచిరి. అంతియే. క్రొత్త రబ్బరు గొట్టము ఎక్కడనైనను దొరకును. పాత ఇత్తడి మూతి దొరకదు. చౌకదానిని కోసి విలువైనదానిని కాపాడవలెనని నాకు తోచలేదు.

పెట్టెను పైకి తీయుటకు సాయంకాలమైనది. అది తన తావున పాత స్పాంజితో నంటుకొని యుండెను. లోపలినుండి గాలి గొట్టములను ఊడదీసిన గాని కదలలేదు. మూత తెఱవగా ఎండుటాకులు, బొద్దింకల రెక్కలు, పిండియైన స్పాంజి కనబడినవి. వాని నడుమ ఆ చిన్న కోరు. క్రొత్తది ఆంగ్లదేశమునుండి తెప్పించుకొనవచ్చును. కాని అది చేరుటకు, సుంకము చెల్లించి విడిపించుకొనుటకు పట్టు కాలమును లెక్కించి, డిసెంబరు దాటునేమో యని పెద్దాయన తలయూపిరి. తప్పు నాది గనుక దారి వెదకుటయు నా వంతేయని దానిని సంచిలో వేసికొని మఱునాటి సాయంకాలము జె.సి. రోడ్డునకు పోయితిని.

జయచామరాజేంద్ర రోడ్డును నేను ఎఱుగుదును. రవీంద్ర కళాక్షేత్రమున నాటకములు చూచుటకు పలుమాఱులు పోయితిని. కాని ఆ వీథిలోని మోటారు విడిభాగముల అంగళ్లలోనికి ఎన్నడును తొంగిచూడలేదు. ఒక సందులో రేడియేటర్లు బాగుచేయు చిన్న దుకాణము కనబడెను. గుమ్మమువద్ద ఒక కుఱ్ఱవాడు నీటితొట్టి ముందు గొంతుక్కూర్చుండి యుండెను. నన్ను చూచి తటాలున లేచి నిలిచెను. మన పదవ తరగతి విద్యార్థి. దుకాణము అతని మేనమామది. బడి విడిచిన పిమ్మట తల్లి పనినుండి వచ్చువఱకు అతడక్కడ నుండునట.

నేను మాటలాడలేక పోయితిని. కారణము చెప్పెదను.

అంతకు మూడు వారములకు ముందు "నా సెలవు దినము" అను వ్యాసము వ్రాయుమని తరగతిలో చెప్పియుంటిని. ఈ కుఱ్ఱవాడు వ్రాసినది అఱపుట. అందులో, మామ రేడియేటరుకు మాటేస్తాడనియు, తాను తొట్టిలో ముంచి బుడగలు చూస్తాననియు వ్రాసెను. అతని కుటుంబము అనంతపురము వైపునుండి వచ్చినది. "ఉండాది", "నిలుస్తాది" వంటి మాటలు ఆ వ్రాతలో నిండుగా నుండెను. నేను "మాటు" అను పదమును ఎఱ్ఱసిరాతో కొట్టివైచి, శాస్త్ర గ్రంథములలో నున్నట్లు "టంకము" అని పైన వ్రాసితిని. అంతటితో నూరకుండక దానిని తరగతిలో బిగ్గరగా చదివి, "ఇది అంగడి భాష. రేడియేటర్లు కడుగుటకు ఇంతకంటె అక్కఱలేదు" అంటిని. అందఱు నవ్విరి. అతడు నవ్వలేదు. తరువాతి వ్యాసమునకు ఖాళీ పుస్తకము ఇచ్చెను. దానికిని కోపపడితిని.

ఆ మాటు అను పదము నాకు తెలియనిదా? మా యూర వేసవిలో కొలిమితిత్తి భుజమున వేసికొని ఒకడు వచ్చెడివాడు. మా యవ్వ చిల్లిపడిన ఇత్తడి బిందెను తెచ్చి, "నాయనా, దీనికి మాటు వెయ్యి" అని యతని ముందు పెట్టెడిది. నా చెవులతో విన్న మాటనే నేను ఎఱ్ఱసిరాతో కొట్టివైచితిని.

దుకాణమున కుఱ్ఱవాడు నా చేతిలోని కోరును అందుకొనెను. ఒక మూతికి బిరడా బిగించి, రెండవ మూతికి గాలి గొట్టము తగిలించి, తొట్టిలో ముంచెను. రెండుచోట్ల బుడగలు లేచెను. ఒకటి గొట్టములు తొట్టెరేకుతో కలియు అతుకువద్ద. సన్నని బుడగల వరుస. రెండవది మూతి మొదట, పెద్ద బుడగలు. అతడు తేఱిపాఱ చూచి చెప్పెను: "సార్, ఈ సన్నది పాతది. పచ్చగా చిలుము పట్టి ఉండాది. ఈ చీలిక మాత్రం కొత్తది. లోపల ఇత్తడి మెరస్తా ఉండాది. ఎవరో పని తెలీనోళ్లు మెలిపెట్టి లాగినారు."

"ఆ పని తెలియనివాడను నేనే" అంటిని.

అతడు తల వంచుకొని, "పారేయొద్దు సార్. మాటేస్తే నిలుస్తాది" అనెను.

ఆ తరువాతి పనిని నేను నిలుచుండి చూచితిని. గొట్టములలో సున్నపు పెచ్చు గట్టిగా పట్టి యుండెను. మన నగరమున బోరునీటిలో సున్నము మిక్కుటము. అట్టి నీటిని ఏండ్లతరబడి పోసినందువలన దారి మూసికొనిపోయినది. రేడియేటరులో స్వేదనజలమునే పోయవలెనట. సన్నని కడ్డీలతో ఆ పెచ్చును రాల్చిరి. పిదప మేనమామ చీలిక చుట్టును ఆకురాయితో గీకి, ఆమ్లముతో కడిగి, ఇత్తడి బంగారమువలె మెఱయువఱకు శుభ్రము చేసెను. నేను తొందరపడి, "ఇంత గీకవలెనా?" యని యడిగితిని. "మురికి మీద మాటు పట్టదయ్యా" అని యతడు తలయెత్తకయే బదులు చెప్పెను.

మాటు లోహము తగరమును సీసమును కలిసినది. అది 183 డిగ్రీల వేడికి కరుగ నారంభించును. రాగి 1,085 డిగ్రీలకు గాని కరుగదు. కావున మాటు వేయుటలో పాత లోహము కరుగదు, దాని రూపము చెడదు. కరిగిన క్రొత్తది పాతదానిపై ప్రాకి, సందులోనికి చొచ్చి, పట్టుకొనును. నవాసారము వంటి లవణము లోహముపైని తుప్పుపొరను తొలగించి ఆ పట్టునకు తోడ్పడును. మఱియొక జాగ్రత్త కూడ చూచితిని. ఒక అతుకునకు వేడి తగిలించునప్పుడు ప్రక్కనున్న పాత అతుకు లూడిపోవచ్చును. అందువలన వానిపై తడిగుడ్డలు చుట్టిరి. సీసపు పొగ మంచిది కాదని మేనమామ కుఱ్ఱవానిని దూరముగా నిలబెట్టి తానే మాటు వేసెను. చల్లాఱిన పిదప తొట్టిలో మరల ముంచుట మాత్రము కుఱ్ఱవాని పని. అతడు చాలసేపు చూచెను. ఒక బుడగయైనను లేవలేదు. "నిలిచింది సార్" అని నా చేతికిచ్చెను.

తడిగుడ్డలను చూచుచుండగా నాకు నా తరగతి జ్ఞాపకము వచ్చెను. ఒకని వ్రాతలోని తప్పు దిద్దవలెనని నేను వేడి తగిలించితిని. దిద్దవలసిన చోట గాక, అతడు నాపై నుంచుకొన్న నమ్మకము అతికియున్న చోట ఊడినది.

తరువాతి ఆదివారమున పెట్టెను క్రొత్త స్పాంజితో బిగించితిమి. రబ్బరు గొట్టములు రెండును క్రొత్తవి వేసితిమి. హీటరు కవాటము తెఱచియుంచి, నీటిని మెల్లమెల్లగా పోసి, ఇంజను నడుపుచు గొట్టములను చేతితో పిసుకుచు, లోన చిక్కుకొన్న గాలిని వెడలగొట్టితిమి. గాలి చిక్కియున్నచో వేడినీరు కోరులోనికి పోదట. పావుగంటకు కారులోని గాలి వెచ్చబడెను. పెద్దాయన భార్యను పిలిచి కూర్చుండబెట్టి, పాదములు చాపుమనిరి. ఆమె ఏమియు పలుకక కొంతసేపు కన్నులు మూసికొని యుండిరి.

డిసెంబరు దినము వచ్చినది. తెల్లవాఱక మునుపే ఇరువురును బయలుదేఱిరి. కారులో మూడవ చోటు లేదు గనుక నేను తలుపుకడ లాంతరువలె నిలిచితిని. సుమారు అఱువది కిలోమీటర్ల దూరము. పదునొకండు గంటలకు మరలి వచ్చిరి. కొండ మలుపులలో వేడిముల్లు పైకి పోయినప్పుడు హీటరు పూర్తిగా తెఱవగా అది మెల్లగా దిగినదని పెద్దాయన పసివానివలె చెప్పిరి. ఆమె మాత్రము దిగుచు, "పాదాలు వెచ్చగా ఉన్నాయి నాయనా" అనిరి. పట్టా పొడిగా నుండెను.

ఇక నా పని మిగిలినది. జె.సి. రోడ్డునుండి వచ్చిన మఱునాడే చేయవలసినదానిని, సిగ్గుచేత, డిసెంబరు వఱకు వాయిదా వేసితిని. ఆ మఱుదినమున తరగతిలో ఆ విద్యార్థి పాత వ్యాసపు పుస్తకమును అడిగి తీసికొంటిని. ఎవరి యెదుట నవ్వించితినో వారి యెదుటనే, మాటు అనునది చక్కని తెలుగు పదమనియు, దానిని కొట్టివైచుట నా తప్పనియు, ఆనాడు నేనాడిన మాట ఉపాధ్యాయుడు ఆడదగినది కాదనియు చెప్పితిని. ఎఱ్ఱసిరా గీతపైన "మాటు" అని నల్లసిరాతో మరల వ్రాసితిని. అతడు, "పర్వాలేదు సార్" అనెను. ఆ మాట మర్యాదకు చెప్పినదో, మనసున చెప్పినదో నే నెఱుగను. మేనమామ చెప్పినట్లు మురికి మీద మాటు పట్టదు. గీకుటకు కొంత కాలము పట్టును. కాని ఆ వారమున అతని పుస్తకము ఖాళీగా రాలేదు. ఒక పుట నిండ వ్రాసెను. అందులో నాలుగు అక్షర దోషములుండెను. ఆ నాలుగింటినే దిద్దితిని.

ఈ సంగతి వ్రాయుటకు అతని యనుమతి యడిగితిని. పేరు వ్రాయవద్దనెను, "మా మామ దుకాణం సంగతి మాత్రం రాయండి సార్" అనెను.

విద్యార్థులారా, మాటకును మాటుకును నడుమ నున్నది ఒక్క కొమ్ము. మాటచేత పగిలినదానికి మాటు వేయవచ్చును; కాని ముందు చీల్చినవాడు "నేనే" యని యొప్పుకొనవలెను. మీరు అంగడిలో, ఇంటిలో, అవ్వ నోట విన్న మాటలను వెఱవక వ్రాయుడు. తెలియనివి నేను మిమ్ము అడిగెదను.